మార్టేరు స్వర్ణ ఫిలిప్పీన్స్ వెళ్లొచ్చిన కథ

పది రోజుల్నించి రాద్దామనుకుంటున్నా, గెలల కోతల్లో పడి కుదరలేదు. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మొన్న మన రావులపాలెం అరటి యార్డు దగ్గర టీ తాగుతుంటే మా బావ ఎత్తుకున్నాడు. "ఐక్యరాజ్యసమితి అంటారు, ప్రపంచ సదస్సు అంటారు, కోట్లు తగలేసి ఫొటోలు దిగుతారు. మన చేలో నీళ్లు ఒక్కడన్నా వచ్చి తోడాడా?" అని. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం మూడేళ్ల కిందటి సార్వా గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

మన సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. జొన్నాడ వైపు గౌతమి, సిద్ధాంతం వైపు వశిష్ఠ. గోదారి గట్టు తెగాల్సిన పనే లేదు, నాలుగు రోజులు ముసురు పట్టి మురుగు కాలవ ఎగదన్నితే చాలు, చేను చెరువైపోద్ది. 2011లో కోనసీమ రైతులు సార్వానే వదిలేసి క్రాప్ హాలిడే అన్నారంటే, ఈ మురుగు బాధ కూడా అందులో ఒకటి.

ఆ ఏడు ఊడ్చిన ఇరవై రోజులకి పట్టింది ముసురు. నాకు సొంతం రెండెకరాలు, పక్కనే ఎకరంన్నర కౌలు. కౌలుది ఇంకా పల్లం. (పల్లం చేలే ఎప్పుడూ కౌలుకొస్తాయి, గమనించారా?) మొత్తం పదకొండు రోజులు నీళ్లలోనే. ఆకు కొస కూడా కనపడలేదు. నీరు తీశాక చూస్తే సొంత చేలో స్వర్ణ కుళ్లి, గట్టు మీద నిలబడలేనంత వాసన. ఊడ్పు కూలీ, ఎరువు, అన్నీ అందులోనే. కౌలు చేను అంతకన్నా అన్యాయం.

ఆ కౌలు చేలో ఒక అరెకరానికి మా నారు చాలక, బరంపురం వైపు పనిచేసే మా మేనల్లుడు తెచ్చిచ్చిన విత్తనం వేశాను. స్వర్ణ సబ్-1 అన్నాడు. ఏదో ఒకటిలే అనుకున్నా. అదీ పోయిందనే అనుకుని దున్నించడానికి ట్రాక్టరు కూడా మాట్లాడాను. మా అమ్మ వచ్చి, "ఉండరా, ఒక దుబ్బు పీకి చూడు" అంది. పీకితే మొదలు గట్టిగా ఉంది, లోపల తెల్లగా ఉంది. ట్రాక్టరు ఆపేశాను. వారం తిరక్కుండా సూదుల్లా ఆకు లేచింది. ఆ అరెకరం మీద పన్నెండు బస్తాలు అయ్యాయి. గొప్ప దిగుబడేం కాదు. కానీ ఆ ఏడు మా ఇంట్లో తిండిగింజలు అవే.

తర్వాత దీని పుట్టుపూర్వోత్తరాలు కనుక్కున్నాను. మామూలు వరి మునిగితే ఊపిరి కోసం పైకి సాగుతుందటండి. ఉన్న సత్తువంతా ఆ సాగడంలోనే ఖర్చు పెట్టేసి, నీరు తీసేసరికి చతికిలబడి చచ్చిపోతుంది. సబ్-1 ఉన్న మొక్క సాగదు. సత్తువ దాచుకుని మెదలకుండా కూర్చుంటుంది, రెండు వారాల దాకా ఓర్చుకుంటుంది. ఆ గుణం ఒడిశాలో ధల్‌పుటియా అనే నాటు వరిది. దాన్లోంచి ఏరిన రకమే ఎఫ్ఆర్ 13ఎ. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ వాళ్లూ, అమెరికాలో కాలిఫోర్నియా వాళ్లూ కలిసి ఆ జన్యువుని పట్టుకుని 2006లో ప్రకటించారు. దాన్ని స్వర్ణలోకి ఎక్కించారు. మన దేశంలో 2009లో విడుదలైంది, బంగ్లాదేశ్‌లో ఆ మరుసటేడు బ్రి ధాన్ 51 అన్న పేరుతో.

అసలు స్వర్ణ ఎవరిదండీ? ఎం.టి.యు. 7029, 1982లో మన మార్టేరు నుంచి వచ్చిందే. సిద్ధాంతం వంతెన దాటితే ఎంత దూరం! దాని తల్లిదండ్రులు వశిష్ఠ, మసూరి. వశిష్ఠ మన ఏటి పేరే. మసూరి మాత్రం దేశాలు తిరిగిన పిల్ల. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆసియాలో తిండికి కటకటగా ఉన్నప్పుడు ఎఫ్ఏఓ వాళ్ల పథకం కింద కటక్‌లో తైవాన్ వరికీ మలేషియా వరికీ సంకరం చేశారు. 1965లో మలేషియాలో విడుదలై తిరిగి మన చేలకొచ్చింది. మన ఎదురొడ్డున ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు 1967లో ఐఆర్ 8 పండించి చూపించారు కదా, అదీ ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిందే.

అంటే మా బావ అడిగిన దానికి జవాబు, నీళ్లు తోడటానికి ఎవరూ రాలేదు గానీ ఇన్ని దేశాల చేతులు తిరిగిన గింజ మాత్రం నా చేలోకొచ్చింది.

అలాగని అంతా బావుందనను. ధల్‌పుటియాని తరతరాలుగా దాచుకొచ్చిన ఒడిశా రైతు పేరు ఎక్కడా లేదు. నాకు అక్కడ మనసు ఒప్పుకోదు. ఒడిశాలోనే చేసిన ఒక పరిశోధన 2013లో అచ్చయింది. ముంపు పల్లాలు ఎక్కువగా దళితుల చేతిలో ఉన్నాయి కాబట్టి ఈ విత్తనంతో ఎక్కువ మేలు వాళ్లకే అని అందులో తేలింది. మన దగ్గర ఆ పల్లాల్లో ఉన్నది కౌలు రైతులు. పంట మునిగితే మాకు కాగితం లేదు, పరిహారం లేదు. విత్తనం దేశాలు దాటి వచ్చింది గానీ ఆ కాగితం మా ఊళ్లోంచే మా ఇంటికి రాలేదు.

వేద్దామనుకునేవాళ్లకి రెండు మాటలు. ఇది మంత్రం కాదు. వెదజల్లిన గింజ మొలకెత్తకుండానే మునిగితే బతకదు. మోకాలి లోతు నీరు నెలల తరబడి నిలిచే చేనుకి పనికిరాదు. ఈనాక పడిపోయి మునిగితే ఏ విత్తనమైనా ఒకటే. ఇంకోటి, దీని వడ్ల పైపొట్టు స్వర్ణలా బంగారు రంగు ఉండదు, గడ్డి రంగులో ఉంటుంది. కొనే ఆయన గుప్పెడు చేతిలో పోసుకుని, "ఇది స్వర్ణ కాదండీ" అని బస్తాకి కొంత కోయబోయాడు. నాలుగు గింజలు నలిపి బియ్యం చూపించాక ఒప్పుకున్నాడు. అన్నం తేడా మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

నిన్న బావ ఇంటికొచ్చాడు. ఇదంతా చెప్తే విని, "అయితే వాళ్లని కాలవ పూడిక తియ్యడానికి కూడా రమ్మను" అన్నాడు. ఆయన అంతే. వెళ్తూ వెళ్తూ విత్తనం ఏమైనా మిగిలిందా అనడిగాడు. ఒక బస్తా విడిగా కట్టి, సంచి మీద రంగుతో పేరు రాసి అటక మీద పెట్టాను. అందులో సగం ఆయనకి. మిగతా సగం మన పల్లం చేల వాళ్లకి, ఆకుమళ్లు పోసేలోపు వచ్చి పట్టుకెళ్లండి.