మూసీ ఒడ్డున చింతచెట్టు

హైదరాబాదు చూడవచ్చినవారు చార్మినారు, గోల్కొండ చూసి తృప్తిపడి వెళతారు. వీలైతే ఒక పూట అఫ్జల్‌గంజ్‌లో దిగి మూసీ తీరాన నడవండి.

1908 సెప్టెంబరు 28న ఈ నది ఉప్పొంగి వేలాదిమందిని పొట్టనబెట్టుకున్నది. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు కొమ్మలెక్కి ఆనాడు సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ ఉపద్రవం తర్వాతనే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సూచనల మేరకు మూసీపై ఉస్మాన్‌సాగర్, ఈసీపై హిమాయత్‌సాగర్ వెలిశాయి. నదికి ఆ ఒడ్డున హైకోర్టు, ఈ ఒడ్డున ఆసుపత్రి విన్సెంట్ ఎష్ రూపకల్పనలో రూపుదిద్దుకున్నాయి.

రోగులకు ఆశ్రయమిచ్చిన ఆ గుమ్మటాల భవనంలోనికి 2020 జులైలో వాననీరు చేరగా, వార్డులను ఖాళీ చేయవలసి వచ్చింది. వరదను తట్టుకున్న చెట్టు మాత్రం పచ్చగానే ఉన్నది.

మొన్న మా అమ్మాయి ఆ చెట్టు మొదలును తడిమి, "నాన్నగారూ, ఆ రోజు దీనికి గుర్తుంటుందా?" అని అడిగింది. చెట్టు మాట ఎలా ఉన్నా, నదిగర్భంలో ఇళ్లు కట్టుకుంటున్న మనకు గుర్తుండాలి కదా అనిపించింది.