అడ్డసరం ఎవరికి, ఎంతవరకు?

చిలుకూరు,
కార్తీక మాసం.



వానాకాలం వరికోతలు ఊపందుకున్నాయి. సాగర్ ఎడమకాలువ కింద పండిన పొలాల్లో హార్వెస్టర్లు తిరుగుతున్నాయి, మిర్యాలగూడ మిల్లుల ముందు వడ్ల లారీలు బారులు తీరుతున్నాయి. పంట ఇంటికొచ్చే ఈ రోజుల్లోనే వరి నూగుకు, ఊక దుమ్ముకు తుమ్ములు, కళ్ల దురద, రాత్రయితే పిల్లికూతలు మొదలవుతాయి. ఏ ఇంట్లో దగ్గు వినపడినా పెద్దవాళ్లు ముందుగా చెప్పే మందు అడ్డసరం కషాయం. అది తాగవచ్చా అని మీలో చాలామంది అడుగుతుంటారు. తాగవచ్చు. కాకపోతే అందరూ తాగేది కాదు, అన్ని దగ్గులకూ పనికొచ్చేది కాదు.

కంచెల్లో నిలువెత్తు పొదగా పెరిగే మొక్క ఇది. పొడవాటి ఆకు, గట్టి చేదు, ఊదారంగు చారల తెల్లపూలు. మేకలు కూడా దీని జోలికి పోవు. ఆయుర్వేదంలో దీని పేరు వాస. వాసావలేహ్యం, వాసారిష్టం దీనితో చేసేవే. ఆకులో ఉన్న వాసిసిన్ అనే పదార్థం ఊపిరి గొట్టాలను కాస్త వదులు చేస్తుంది, గడ్డకట్టిన తెమడను పలుచబరుస్తుంది. 1960ల్లో జర్మనీలో ఈ వాసిసిన్ నమూనాగానే బ్రోమ్‌హెక్సిన్ అనే మందు తయారుచేశారు. అది ఒంట్లోకి వెళ్లాక మారే రూపమే ఆంబ్రాక్సాల్. మందుల షాపులో ఇచ్చే దగ్గు సిరప్ సీసా తిప్పి చూడండి, ఈ రెండింట్లో ఏదో ఒక పేరు చాలాసార్లు కనిపిస్తుంది. మన పెద్దల మాటలో బలం ఉందని నేను నమ్మేది అందుకే.

పచ్చి ఆకు నూరితే రసం సరిగా దిగదు. ఆవిరి మీద మగ్గబెట్టి పిండాలి. పెద్దవాళ్లకు రోజుకు 10 నుంచి 20 మిల్లీలీటర్ల రసం అన్నది ఆయుర్వేద ప్రమాణం. గ్లాసుడు తాగితే తొందరగా తగ్గుతుందనుకుంటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.

ఇక నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది గర్భిణుల సంగతి. వాసిసిన్ గర్భసంచిని బిగుసుకునేలా చేస్తుంది. జమ్మూలోని ప్రాంతీయ పరిశోధనశాలలో సి.కె. అటల్ దీని మీద పనిచేసి, 1980లో వెలువరించిన పుస్తకంలో దీన్ని కాన్పు నొప్పులు తెప్పించే, గర్భస్రావం చేయించే పదార్థంగానే వివరించారు. ఆకుమందే కదా, ఏం చేస్తుందిలే అని నెల తప్పిన కోడలికో, పుట్టింటికి వచ్చిన కూతురికో ప్రేమతోనే కషాయం కాచి ఇస్తారు. దయచేసి ఇవ్వకండి. గర్భిణికి దగ్గు వస్తే డాక్టరుకే చూపించండి. పాలిచ్చే తల్లులు కూడా అడగకుండా వాడొద్దు. చేదు పోవడానికి తేనె కలిపి ఏడాది నిండని పిల్లలకు నాకించడం కూడా ప్రమాదమే, ఆ వయసులో తేనె అసలు పెట్టకూడదు. షుగరు ఉన్నవాళ్లు లేహ్యంలోని చక్కెరను, అరిష్టంలోని బెల్లాన్ని లెక్కలో పెట్టుకోవాలి. అరిష్టాల్లో పులియడం వల్ల కొద్దిగా ఆల్కహాల్ కూడా ఉంటుంది.

ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇంకో మాట. ఆయాసం ముంచుకొచ్చి మాట పూర్తిగా పలకలేని స్థితిలో కషాయం కాస్తూ కూర్చోవద్దు. అప్పుడు పనిచేసేది డాక్టరు రాసిచ్చిన ఇన్‌హేలరు. దానికీ తగ్గకపోయినా, పెదవులు నీలిరంగుకు తిరిగినా వెంటనే 108కి ఫోన్ చేయండి. రోజూ పీల్చమన్న ఇన్‌హేలరును అడ్డసరం తాగుతున్నామని మానేయకూడదు. పేరూ, లైసెన్సు నంబరూ లేని ఆయాసం పొడులు ఎవరిచ్చినా తీసుకోకండి. అలాంటి పొడుల్లో స్టెరాయిడ్లు కలిపే మోసం ఉంది. ముందు హాయిగా అనిపించినా, తర్వాత ఎముకలు దెబ్బతింటాయి, షుగరు పెరుగుతుంది.

రెండు వారాలు దాటిన దగ్గుకు, తెమడలో రక్తం పడే దగ్గుకు ఇంటి వైద్యం వద్దు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తెమడ పరీక్ష చేయించుకోండి. క్షయ అని తేలితే సర్కారు మందులు ఉచితంగా ఇస్తుంది.

తుమ్ములకు, కళ్ల దురదకు అడ్డసరం పెద్దగా చేసేదేమీ లేదు. దుమ్ము ముక్కులోకి పోకుండా చూసుకోవడమే మేలు. వడ్లు తూర్పారబట్టేటప్పుడు, మిల్లులో బస్తాలు ఎత్తేటప్పుడు మాస్కు కట్టుకోండి. కనీసం తడిగుడ్డ అయినా కట్టుకోండి. ఇంటికి రాగానే స్నానం చేసి బట్టలు మార్చుకోండి. గట్ల మీది వయ్యారిభామ కలుపును పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని పీకేయండి. గడ్డి తగలబెట్టకండి, ఆ పొగ పక్కింటి ముసలాయన గుండెల్లోకీ పోతుంది.

ఉబ్బసం ఉన్న మనిషి మీ ఇంట్లో ఉంటే ఇన్‌హేలరులో మందు ఉందో లేదో, గడువు దాటిందేమో ఇవాళే చూడండి. కోతలు ఇంకా చాలా రోజులు సాగుతాయి.

ఇట్లు,
మీ మేలు కోరే మిత్రుడు