మూడు జిల్లాల్లో ఒకే ఇల్లు

మా తాతగారు పుట్టింది విశాఖపట్నం జిల్లాలో. మా నాన్న పుట్టింది కోరాపుట్ జిల్లాలో. అన్నయ్య మనవడిది రాయగడ జిల్లా. ముగ్గురిదీ గుణుపురంలో ఒకే వీధి, ఒకే అరుగు. ఇల్లు అంగుళం కదల్లేదు, జిల్లాలే మారిపోయాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు జయపురం సంస్థానం కింది మన్యాన్ని విశాఖపట్నం జిల్లా నుంచి తప్పించి కోరాపుట్ జిల్లా చేశారు. గుణుపురం తాలూకా అందులోకి వెళ్ళింది. 1992 అక్టోబరు 2న కోరాపుట్‌ని విడదీస్తే మేం రాయగడ వాళ్ళమయ్యాం. ఇదంతా మమ్మల్ని అడిగి చేశారా అంటే, ఏ కాలంలో ఎవరిని అడిగి చేశారు గనక!

అమెరికాలో ఉంటున్న అన్నయ్య కూతురు ఈ మధ్య ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట. "చిన్నాన్నా, మన రూట్స్ ఎక్కడివి?"

"ఎక్కడివేటమ్మా, గుణుపురమే."

"అది కాదు, అంతకు ముందు?"

దాని ఆఫీసులో ఒకావిడ ఉంది. ముత్తాత కాలంలో దక్షిణ ఇటలీలోని కలాబ్రియా నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబం. ఆవిడ మొన్న సెలవుల్లో ఆ కొండపల్లెకు వెళ్ళి, ఊరి కచేరీలో రిజిస్టరు తీయించి, ముత్తాత పుట్టిన రోజు, అతని తల్లిదండ్రుల పేర్లు చూసుకుని వచ్చిందట. ఫొటోలు ఆఫీసంతా చూపించిందట. అదిగో, అప్పటి నుంచి మా పిల్లకు నిద్ర లేదు.

ఆ ఇటాలియన్ల సంగతి చదివితే నాకు అసూయ కలిగిన మాట నిజం. 1880 నుంచి 1924 దాకా ఇంచుమించు 40 లక్షల మంది ఇటలీ వదిలి అమెరికా చేరారు. ఎక్కువమంది దక్షిణాది పేదరైతులు, కూలీలు. అయితే వాళ్ళు వదిలి వెళ్ళిన ఊళ్ళలో కాగితాలు భద్రంగా ఉన్నాయి. నేపుల్స్ రాజ్యంలో 1809 నుంచే పుట్టుక, పెళ్ళి, చావు ప్రభుత్వమే రాసిపెట్టింది. అంతకు ముందువి చర్చి పుస్తకాల్లో దొరుకుతాయి. మనవలు వెతుక్కుంటూ వస్తున్నారని గమనించి ఇటలీ ప్రభుత్వం 2024ని మూలాల యాత్రల సంవత్సరంగా కూడా ప్రకటించింది. రమ్మని పిలిచిన మర్నాడే తలుపు ఓరగా వేసినట్టు, 2025లో చట్టం మార్చి, వంశం చూపించి పౌరసత్వం అడిగే హక్కును సాధారణంగా తల్లిదండ్రులూ తాతల తరం వరకే కుదించింది. ప్రభుత్వాల ప్రేమ అంతే.

మా తాతగారి పుట్టుకకు కాగితం లేదు. మన దేశంలో జనన మరణాల నమోదు దేశమంతటా తప్పనిసరి చేసిన చట్టం 1969 నాటిది. అంతకు ముందు పుట్టినవాళ్ళలో చాలామందికి బళ్ళో వేసిన రోజున మాస్టారు వేసిన తేదీయే జన్మదినం. అన్నయ్య జులై 1న పుట్టాడట, వాడి బెంచీలో సగం మంది కూడా జులై 1నే పుట్టారట. ఇంటిపేరు బడి రిజిస్టరులో ఒక్క అక్షరానికి కుదించుకుపోయి, పేరు చివరి రావు అమెరికా వెళ్ళేసరికి ఇంటిపేరై కూర్చుంది. ఆ రావుతో వంశవృక్షం వెతకబోయిన పిల్లకు కంప్యూటరు లక్షలాది బంధువులను చూపించింది.

ఈ పద్ధతిలో కాదమ్మా అని నాకు తెలిసిన దారి చెప్పాను. మగవాళ్ళను వదిలేసి ఆడవాళ్ళను పట్టుకోమన్నాను. మా నాయనమ్మ టెక్కలి పిల్ల, అమ్మ పాతపట్నం పిల్ల, పెద్దత్తను ఇచ్చింది పర్లాకిమిడి, చిన్నత్తను నౌపడ. మా వంశవృక్షం గీస్తే అచ్చం రైల్వే టైంటేబుల్లా ఉంటుంది. నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు 1900లో పడింది, 1931లో గుణుపురం దాకా వచ్చింది. తొంభై కిలోమీటర్ల దారి. ఐదేళ్ళు తిరక్కుండా రాష్ట్రాల సరిహద్దు ఆ పట్టాలకు అడ్డంగా పడినా పెళ్ళివారు మాత్రం ఆ రైలెక్కడం మానలేదు. 2004లో చిన్న రైలు ఆగిపోయి, 2011లో పెద్ద లైను మీద మళ్ళీ గుణుపురం చేరేదాకా బస్సుల్లో తిరిగారు. అందుకే మా ఊరి తెలుగు ఇళ్ళలో ఎవరి కోడలిది ఏ ఊరో అడుగుతూ వెళితే, మూడు తరాలు దాటకుండానే వంశధార దిగువకు, సముద్రం దాకా వచ్చేస్తాం.

ఇంత చెప్పినా పిల్లకు తృప్తి లేదు. దానికి కాగితం కావాలి. సరే, అటక మీది పెట్టె దింపాం.

పెట్టె నిండా ముత్తాత నాటి చిట్టాలు, ఆవర్జాలు. అన్నీ తెలుగులోనే. అన్నయ్య గుణుపురంలో ఒడియా బడిలో చదివాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా అక్షరం రాదు. 1954లో ఒడియా అధికారభాష అయ్యాక మా వీధి పిల్లల్లో చాలామందిది ఇదే కథ. నన్ను అమ్మమ్మగారింట పాతపట్నంలో ఉంచి చదివించారు గనక నాకు తెలుగు అక్షరాలు దక్కాయి. కాబట్టి వీడియో కాల్‌లో చదివే పని నా మీద పడింది.

పిల్ల ఆశించింది వేరు. పేర్లు, గోత్రం, ఎవరు ఎక్కడి నుంచి ఏ ఏడు వచ్చారు, ఇలాంటివి. చిట్టాలో ఉన్నది చింతపండు, పసుపు, ఆవాలు, ఇప్పపువ్వు. ఫలానా గూడెం సవర ఫలానా, ఇచ్చినది ఇంత, తెచ్చినది ఇంత, బాకీ ఇంత. పుట తర్వాత పుట అదే.

"వీళ్ళు తీర్చారా చిన్నాన్నా?"

"తీరిస్తే గీత కొట్టేవారు. కొన్నిటికి ఉంది, కొన్నిటికి లేదు."

"లేనివాళ్ళ భూములేమయ్యాయి?"

"అది చిట్టాలో ఉండదమ్మా. దస్తావేజుల్లో ఉంటుంది."

నాకు తెలిసిన మాట ఇది: మన్యంలో గిరిజనుల భూములు బయటినుంచి వచ్చిన వర్తకుల చేతుల్లోకి పోతున్నాయని మద్రాసు ప్రభుత్వం 1917లోనే గంజాం, విశాఖపట్నం, గోదావరి ఏజెన్సీలకు ప్రత్యేక చట్టం చేసింది. వడ్డీకి హద్దు పెట్టింది, అనుమతి లేకుండా గిరిజనుల భూమి ఇతరులకు మారకూడదంది. ఇబ్బంది లేనిచోట ఎవరూ చట్టం చేయరు. ఒడిశా 1956లో మళ్ళీ అలాంటి నిబంధనే తేవలసి వచ్చింది. మా ముత్తాత ఆ వర్తకులలో ఒకడు. మంచివాడేనని ఇంట్లో చెప్పుకుంటారు. ఇంట్లో ఎవరు మాత్రం చెడ్డవాడంటారు!

మా ముత్తాత బాకీలు రాసిన ఆ లిపిలోనే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు ఈ సవర గిరిజనులకు వాచకాలు రాశారు. వాళ్ళ భాష నేర్చుకుని, సొంత ఖర్చుతో వాళ్ళ పిల్లలకు బళ్ళు పెట్టారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసిన 1936లోనే ఆయన ఆ ఊరు వదిలి రాజమహేంద్రవరం చేరారు. అదే ఏడు గుణుపురం పక్కనే మంగయి గొమాంగో సవరలకు సొంత లిపి కట్టాడు, సొరాంగ్ సొంపెంగ్. అంటే తర్వాత తెలుగు అక్షరం పోగొట్టుకోబోయే మా ఊరు ఒరిస్సాలో కలిసిన ఏడే కొండమీదివాళ్ళు తమ అక్షరం సంపాదించుకున్నారు.

పూర్వీకులతో సంబంధం కావాలనేవాళ్ళకు ఈ సవరలను మించిన గురువులు లేరు. చచ్చిపోయినవాడి కోసం వాళ్ళు రాయి నిలబెడతారు, దున్నపోతును బలి ఇస్తారు. అంతటితో పంపేయరు. పూనకం వచ్చిన కురాన్ (వాళ్ళ పూజారిని అలా అంటారు) నోట చనిపోయినవాళ్ళు మాట్లాడతారు, బతికున్నవాళ్ళు ఎదురు కూర్చుని జవాబు చెబుతారు. ఎందుకు పోయావని ఏడుస్తారు, ఆస్తి సంగతి తగువులాడతారు, పాత కోపాలు తీర్చుకుంటారు. ఆ పూనకం మనిషి ఆడదైతే పాతాళంలో ఆవిడకో భర్త ఉంటాడట, అతను హిందువట. మైదానం వాళ్ళను వాళ్ళు అక్కడ కూడా తప్పించుకోలేకపోయారు. సవర పిల్లలు చాలామంది క్రైస్తవం పుచ్చుకున్నాక ఈ సంభాషణలు తగ్గిపోయాయి. మనం గయలో పిండం పెట్టి లెక్క చెల్లగొట్టేశాం అనుకుంటాం. మా ముత్తాతను అలా ఎదురు కూర్చోబెట్టగలిగితే నేను గోత్రం అడగను, గీత కొట్టని ఆ పేర్ల సంగతే అడుగుతాను.

పిల్ల ఇప్పుడు కలాబ్రియా ఊసెత్తడం లేదు. చిట్టాలోని గూడేల పేర్లు రాసుకుంది, వాటిలో ఇప్పటికీ ఉన్నవేవో చూడమంది. చాలావరకు ఉన్నాయి, గుణుపురం సంతకు వాళ్ళు ఇప్పటికీ దిగివస్తారు. తెలుగు ఇళ్ళవాళ్ళం ఇటలీవాళ్ళను చూసి నేర్చుకోవలసింది కాగితం దాచడం ఒక్కటే, మిగతాది మన ఊళ్ళోనే ఉంది.

గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ ఇళ్ళవారికి ఒక మనవి. అటక మీది పెట్టెలు చెదలకు వదలకండి. తెలుగు చదవగలిగిన పెద్దవాళ్ళు ఇంకా ఉన్నప్పుడే దింపి, ప్రతి పుటా ఫొటో తీయించి, పిల్లల ఎదుట పైకి చదివించండి. మన పేర్లే కాదు, బాకీదారుల పేర్లు కూడా వదలకుండా చదివించండి.