మావయ్య జీపు, నేను చెప్పిన ఒక అబద్ధం



గ్రూపులో అన్నలు, అక్కలు పెట్టే పోస్టులు రోజూ చదువుతాను గానీ నేనెప్పుడూ రాయలేదు. ఇది నోటిఫికేషన్ల గురించో కోచింగ్ గురించో కాదు. మా మావయ్య జీపు ఇంజను గురించి. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది పాడేరు దగ్గర ఊరు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదట. విశాఖలో హాస్టల్లో ఉండి బీఎస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా అమ్మ తమ్ముడికి ఒక పాత మహీంద్రా డీజిల్ జీపు ఉంది. నాకన్నా దాని వయసే ఎక్కువ. సంతకి మనుషుల్ని, మిరియాల బస్తాల్ని తిప్పేది అదే. రాత్రిపూట ఎవరికైనా నొప్పులొస్తే రోడ్డు దాకా డోలీ, రోడ్డు నుంచి ఆసుపత్రి దాకా మావయ్య జీపు.

మొన్న వేసవిలో మాడుగుల నుంచి ఘాటీ ఎక్కుతుంటే అది వేడెక్కి ఆగిపోయింది. వెనక తెల్లపొగ. ఆయిల్ గేజి పుల్ల తీసి చూస్తే ఆయిల్ పాల టీ రంగులో ఉంది. మేస్త్రి చూసి, "హెడ్ గాస్కెట్ పోనాది. నీళ్ళు ఆయిల్లో కలిసీసాయి" అన్నాడు. హెడ్డు విప్పి అనకాపల్లి లేత్‌కి పంపి ఫేసింగ్ చేయించి, కొత్త గాస్కెట్, కొత్త థర్మోస్టాట్ వేసి బిగించే సరికి ఆ ఏడు మిరియాలు అమ్మిన డబ్బులు అయిపోయాయి. అత్త ఏమీ అనలేదు. అదే నాకు ఎక్కువ భయమేసింది.

సెలవులు కాబట్టి మేస్త్రికి నేనే సాయం. పానాలు అందించడం, నట్లు కిరసనాయిల్లో కడగడం నా పని. చివరి రోజు మధ్యాహ్నం మేస్త్రికి ఇంటి నుంచి ఫోనొచ్చింది. వెళ్తూ వెళ్తూ నాకు చెప్పాడు: "బాబూ, రేడియేటర్లో నీళ్ళు నెమ్మదిగా పొయ్యి. గబగబా పొయ్యకు. మూత తీసే ఉంచి ఇంజను స్టార్ట్ చెయ్యి. గాలి పోవాలి. అర్థమైందా?"

"అర్థమైంది" అన్నాను.

అర్థం కాలేదు. నీళ్ళు పొయ్యడానికి, గాలికి ఏంటి సంబంధం అనుకున్నాను. కానీ ఫిజిక్స్ చదివేవాడిని కదా, పదో తరగతి కూడా చదవని మేస్త్రిని ఎలా అడుగుతాను? బకెట్‌తో గబగబా పోసేశాను. మెడ దాకా నిండింది. మూత పెట్టేశాను. పాత నీళ్ళు వదిలినప్పుడు బకెట్ నిండుగా వచ్చాయి, నేను పోసింది ముప్పావు బకెట్టే. మిగిలిన పావు ఎక్కడికి పోతుందని నాకు తట్టనే లేదు.

మావయ్య వచ్చి, "అయిపోనాదా అల్లుడూ? మేస్త్రి చెప్పినట్టే చేసేవా?" అని అడిగాడు. "అంతా అయిపోయింది మావయ్యా" అన్నాను. ఇదే ఆ అబద్ధం.

మర్నాడు సంత. పదకొండు మందిని ఎక్కించుకుని బయలుదేరాం. నాలుగైదు కిలోమీటర్లు వెళ్ళాక మావయ్య ముక్కు ఎగబీల్చాడు. "ఏటో వాసనొస్తోంది, లాగడం లేదు" అన్నాడు. నేను మీటరు చూశాను. ముల్లు కిందే ఉంది. "మీటరు బాగానే ఉంది కదా మావయ్యా" అన్నాను. ఆయన వినలేదు, పక్కకి తీసి ఆపేశాడు. బానెట్ ఎత్తితే లోపల గుడగుడమని మరుగుతున్న చప్పుడు. నేను కంగారుగా గుడ్డ పట్టుకుని మూత తిప్పబోయాను. మావయ్య నా చెయ్యి పట్టి వెనక్కి లాగాడు. "ముఖం కాలిపోద్ది!" అని అరిచాడు. నన్ను ఆయన ఎప్పుడూ అరవలేదు.

తర్వాత ఆలోచిస్తే అది నాకు పుస్తకంలో ఉన్న పాఠమే. పాడేరు సుమారు 900 మీటర్ల ఎత్తు. అక్కడ తెరిచిన గిన్నెలో నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. రేడియేటర్ మూత ఒత్తిడి పట్టి ఉంచుతుంది కాబట్టి లోపల 100 దాటినా మరగవు. మూత తీస్తే ఒత్తిడి పోయి ఆ నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై మీదకి ఎగజిమ్ముతాయి. దీని మీద పరీక్షలో మార్కులు కూడా తెచ్చుకున్నాను!

గంటకి పైగా చెట్టు కింద కూర్చున్నాం. ఒకాయన గెడ్డ నీళ్ళు తెచ్చి ఇంజను మీద పోద్దామన్నాడు. వేడి హెడ్డు మీద చల్లనీళ్ళు పడితే పగులుతుందని మావయ్య వద్దన్నాడు. సంతకి వెళ్ళాల్సిన వాళ్ళు నడుచుకుంటూ వెళ్ళిపోయారు. అప్పుడు మావయ్యకి నిజం చెప్పాను. "నాకు అర్థం కాలేదు మావయ్యా. అడగడానికి సిగ్గేసింది." ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మేస్త్రికి కూడా ఇదే చెప్పు" అన్నాడు, అంతే.

సాయంత్రం మేస్త్రికి చెప్పాను. తిట్టలేదు. "సరే, ఈసారి దగ్గరుండి చూడు" అన్నాడు.

ముందు జీపు మూతి ఎత్తు వైపు ఉండేలా వాలులో నిలబెట్టాం. గాలి పైకే పోతుంది కాబట్టి రేడియేటర్ నోరు అన్నిటికన్నా పైన ఉండాలి. దానికి గాలి తీసే స్క్రూ విడిగా లేదు. అందుకని చల్లారిన ఇంజను మీదే హెడ్డులో ఉన్న టెంపరేచర్ సెన్సర్‌ని వదులు చేశాడు. నన్ను మగ్గుతో కొద్దికొద్దిగా పొయ్యమన్నాడు. ఈసారి నీళ్ళు కాదు, సగం కూలెంటు, సగం శుభ్రమైన నీళ్ళు. గెడ్డ నీళ్ళతో లోపల తుప్పు పడుతుందట. పోస్తుంటే సెన్సర్ దగ్గర బుస్సుమని గాలి, తర్వాత నురగ, ఆఖరికి ధారగా కూలెంటు వచ్చాయి. అప్పుడు బిగించాడు.

నిన్న ముల్లు కిందే ఎందుకుందో అప్పుడు తెలిసింది. సెన్సర్ నీళ్ళలో మునిగి ఉంటేనే సరిగ్గా చూపిస్తుంది. అది గాలిలో ఉండిపోయింది.

తర్వాత మూత తీసే ఉంచి ఇంజను స్టార్ట్ చేసి, పై హోసు మెల్లగా నొక్కుతూ ఉన్నాం. సుమారు 80 డిగ్రీలు దాటాక థర్మోస్టాట్ తెరుచుకుంటుంది. పై హోసు ఒక్కసారిగా వేడెక్కింది, రేడియేటర్లో మట్టం దిగిపోయింది, బుడగలు వచ్చాయి. మళ్ళీ పోశాను. బుడగలు ఆగే దాకా పోస్తూనే ఉన్నాను. మొత్తం ఇంకో రెండు లీటర్ల పైనే పట్టింది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చూస్తే అర మగ్గు తగ్గింది, అదీ పోశాం. మావయ్య తొందరగా ఆపబట్టి కొత్త గాస్కెట్ బతికింది. ఇంకో రెండు కిలోమీటర్లు నడిపి ఉంటే మళ్ళీ అంత డబ్బు ఎక్కణ్ణుంచి తెచ్చేవాళ్ళం?

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఆ "అర్థమైంది" అనే మాట నాకు షెడ్డులో అలవాటైంది కాదు. హాస్టల్లో అలవాటైంది. ఇంగ్లీషులో పాఠం చెప్పి "అర్థమైందా" అంటే అందరితో పాటు తలూపాను. తెలీదంటే ఏజెన్సీ వాడు కదా అని నవ్వుతారని భయం. మనలో చాలామందికి ఈ అలవాటు ఉందని నాకు తెలుసు. క్లాసులో తలూపితే పరీక్ష పోతుంది, మళ్ళీ రాసుకోవచ్చు. కానీ ఆ రోజు జీపులో పదకొండు మంది ఉన్నారు.

సెలవులయ్యాక కాలేజీలో థర్మోడైనమిక్స్ క్లాసులో చెయ్యెత్తి, "సార్, నాకు అర్థం కాలేదు" అన్నాను. వెనక ఒకరిద్దరు నవ్వారు. సార్ మళ్ళీ చెప్పారు. క్లాసయ్యాక మా హాస్టల్ తమ్ముళ్ళిద్దరు వచ్చి, "అన్నా, మాకూ అర్థం కాలేదు" అన్నారు.

మీ ఇళ్ళల్లో పాత జీపులు, ఆటోలు ఉంటే వేడి ఇంజను మూత మాత్రం తీయకండి. తెలీనిది తెలీదని అడగండి. తప్పులుంటే క్షమించండి, మెకానిక్ పని తెలిసిన అన్నలు సరిచేయండి.

జై ఆదివాసీ.