సంగటి ముద్ద

నా చిన్నతనంలో కడప జిల్లాలోని మా పల్లెలో వరి అన్నం పండుగనాటి భోజనం. తక్కిన దినాల్లో మా అవ్వ ఎసట్లో నూకలు ఉడికించి, రాగిపిండి పోసి, మగ్గిన తరువాత తెడ్డుతో కెలికి, తడిచేత్తో ముద్దలు చేసేది. వేడి ముద్ద నడుమ గుంట చేసి, నెయ్యి వేసుకొని, శెనక్కాయల ఊరుమిండితో తినేవాళ్ళం. మిగిలిన ముద్దను మజ్జిగలో నానబెడితే మరునాటి ఉదయానికి సద్ది అయ్యేది. దానికి ఎర్రగడ్డ తోడు. పళ్ళెంలో పిసరంత మిగిల్చినా అవ్వ సహించేది కాదు. "ధాత కరువు నాడు ఈ ముద్ద దొరికుంటే మనవాళ్ళు ఎందరో బతికుందురు" అనేది. ఆ కరువును కళ్ళారా చూసింది ఆమె అవ్వ.

ఇంటర్మీడియట్ చదువుకు పట్నం హాస్టలులో చేరాను. 1983లో మొదలైన కిలో రెండు రూపాయల బియ్యం అప్పటికే పేదల ఆకలి తీరుస్తున్నది. దానితో పాటు, సంగటి గతిలేనివారి తిండి అనే చులకన భావం మా తోటివారిలో కలిగింది. ఒకనాడు అవ్వ గుడ్డలో సంగటి మూటగట్టుకొని, బస్సు దిగి, ఎండలో నడిచి వచ్చింది. మిత్రులు నవ్వుతారనే బిడియంతో, ఆమె వెళ్ళగానే ఆ మూటను ప్రహరీ అవతల పారవేశాను. సెలవులకు ఇంటికి పోగానే "తింటివా నాయనా?" అని అడిగింది. "తింటినవ్వా" అని బొంకాను.

ధాత కరువును గురించి చాలా ఏళ్ళ తరువాత గ్రంథాల్లో చదివాను. వానలు లేక, ధాత నామ సంవత్సరమైన 1876లో ఆరంభమైన ఆ క్షామం 1878 దాకా సాగింది. మద్రాసు రాజధానిలో లక్షలాది ప్రజలు మరణించారు. కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాలు తల్లడిల్లాయి. 1877లో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి, కరువు పనుల్లో మగమనిషి దినకూలిని ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం వెలకు ఒక అణా కలిపినంతకు తగ్గించాడు. ఆ తిండితోనే వారు రాళ్ళు కొట్టాలి, మట్టి మోయాలి.

పడమటి కనుమలు వానమబ్బులను అడ్డగించే ఈ నేలలో రాగి, కొర్ర, జొన్న కొద్దిపాటి తడితోనే పండుతాయి. రాగులు సులభంగా పురుగు పట్టక ఏళ్ళ తరబడి నిలువ ఉంటాయి. కరువును ఎరిగిన పెద్దలు తరువాతి తరానికి దాచిపెట్టిన ధైర్యం ఆ ముద్ద. నేను గోడ అవతలికి విసిరినది దానినే.

ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. నేడు పట్నపు హోటళ్ళలో రాగి సంగటిని వెల పెట్టి, ఇష్టపడి తింటున్నారు. ఆ ముద్ద ముందు కూర్చున్నప్పుడల్లా అవ్వ అడిగిన ప్రశ్న నా చెవిలో వినిపిస్తుంది. నిజం చెబుదామంటే ఆమె లేదు. అందుకే మీకు చెబుతున్నాను.