నిర్జన గ్రామము – మనుష్యఋణము

మండపేట ప్రాంతం నుండి గండి పోచమ్మ తల్లి దర్శనార్థమై బయలుదేరే భక్తులు రాజమహేంద్రవరం దాటి, గోదావరి ఎడమగట్టు వెంబడి పురుషోత్తపట్నం మీదుగా సాగిపోతారు. వరద తీసిన దినాలలో కొందరు దేవీపట్నం వైపు కూడా వెళ్ళి చూచి వస్తుంటారు. మండల కేంద్రమై కళకళలాడిన ఆ గ్రామం నేడు నిర్జనం. ద్వారబంధాలు ఊడదీసిన గోడలు, వాటిపై వరద విడిచిన ఒండ్రు చారలు, దీపం పెట్టే చేయి లేని తులసికోటలు. చూచినవారికి మాట పెగలదు.

పోలవరం వద్ద ఎగువ కాఫర్ డ్యామ్ లేచిన పిమ్మట వరదనీరు వెనుకకు ఎగదన్ని, ఏటికేడు ఆ ఊళ్ళను ముంచింది. 2022 జూలైలో భద్రాచలం వద్ద నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. జలాశయపు పూర్ణ నీటిమట్టం 45.72 మీటర్లు. ఆ పరిధిలోని గ్రామాలవారు పునరావాస కాలనీలకు తరలిపోవలసినదే. ఒక వీధిలో ఇరుగుపొరుగైనవారు నేడు వేర్వేరు కాలనీలలో ఉన్నారు.

లోకంలో ఇట్టి స్థలాలు మరికొన్ని ఉన్నవి. సైప్రస్ ద్వీపంలో ఫమగుస్తా నగరపు వరోషా పేటను 1974 నాటి యుద్ధంలో జనులు విడిచిపోయారు. ముళ్ళకంచె నడుమ అది దశాబ్దాలు పాడుపడి, 2020 అక్టోబరులో కొంతమేర సందర్శకులకు తెరువబడింది. అక్కడ కారణం వైరం, ఇక్కడ లోకహితసంకల్పం. గడప విడిచినవారి వేదన మాత్రం ఒక్కటే.

దేవాలయాన్ని కదల్పవలసి వచ్చినపుడు ఆగమం కళాకర్షణను విధించింది. బింబంలోని దివ్యకళను మంత్రపూర్వకంగా కుంభజలంలోనికి ఆవాహన చేసి, బాలాలయంలో అర్చించి, పునఃప్రతిష్ఠలో తిరిగి బింబమున చేర్చుతారు. మరి ఊరి కళను ఏ కుంభంలోనికి ఆకర్షించాలి? ఊరికి కళ దాని జనులే. వారు విడివడితే కళ కూడా విడివడుతుంది.

అందుచేత ఈ విషయం దర్శనంతో, నిట్టూర్పుతో ముగిసేది కాదు. దేవ, ఋషి, పితృ ఋణాలను అందరూ ఎరుగుదురు. శతపథబ్రాహ్మణం వీటితోపాటు మనుష్యఋణాన్ని కూడా చెప్పి, అది తీరే మార్గాన్ని సూచించింది: మనుష్యులకు నివాసమివ్వడం, అన్నమివ్వడం. ఇల్లు కోల్పోయినవారి విషయంలో ఇంతకన్న స్పష్టమైన విధి ఏముంటుంది?

1852లో పూర్తియైన ధవళేశ్వరం ఆనకట్ట నాటినుండి డెల్టా చేలు గోదావరి నీటితో పండుతున్నవి. ఆ ఆయకట్టు స్థిరీకరణ సైతం పోలవరం ప్రయోజనాలలో ఒకటి. కనుక మండపేట పంటచేల అన్నం తినేవారు నిర్వాసితులకు ఋణగ్రస్తులు. తల్లికి పసుపు కుంకుమలు సమర్పించి తిరిగివచ్చే భక్తుడు త్రోవలోని ఒక పునరావాస కాలనీలో ఆగి, అచ్చటివారి యోగక్షేమాలు విచారించి, వారి గ్రామదేవత కొలువుకు తన శక్తికొలది తోడ్పడితే ఆ యాత్ర పూర్ణఫలమిస్తుంది. పాడుపడిన ఇంటిని చూచి వైరాగ్యం పొందడం సులభం. ఆ ఇంటివారిని వెదకి పలుకరించడం ధర్మం.

స్వస్తి.