మిర్చి గిడ్డంగిలో చలి నిల్వ

గుంటూరు మిర్చి యార్డు దాటి చిలకలూరిపేట రోడ్డు పట్టుకుంటే కోల్డ్ స్టోరేజీలు వరసగా కనబడతాయి. ఆగస్టులో ఒకదాంట్లోకి వెళ్లాను. ఛాంబర్ తలుపు తీయగానే ముందు ఘాటు, ఆ వెంటనే చలి. లోపల తేజ, 334 రకాల మిర్చి టిక్కీలు (బస్తాలు) పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి.

కరెంటు ఖర్చు సంగతి అడిగితే మేనేజరు నేరుగా మెషీన్ రూముకి తీసుకెళ్లారు. అమ్మోనియా కంప్రెసర్ల హోరులో ఆపరేటర్ గొంతు పెంచి చెప్పారు: "మధ్యాహ్నం సోలార్ బాగా వస్తుందండీ. అప్పుడే గట్టిగా తిప్పి ఛాంబర్‌ని 4 డిగ్రీలకు దింపేస్తాం. సాయంత్రం ఆపేసినా సరుకే చలి పట్టి ఉంచుద్ది." లాగ్ బుక్కులో రాత్రి 9 గంటల అంకె వేలితో చూపించారు. అప్పటికీ 6 దాటలేదు.

కేంద్రం 2023లో సవరించిన నిబంధనల ప్రకారం సోలార్ వేళల్లో కరెంటు ధర కనీసం 20 శాతం తగ్గాలి. పీక్ వేళల్లో పరిశ్రమలకు అంతకు తక్కువ కాకుండా పెరగాలి. పగటి కరెంటును సాయంత్రానికి దాచుకోవడం అందుకే అవసరం.

ఎండుమిరప రెండు డిగ్రీల తేడాకు చెడదు కాబట్టి ఈ పద్ధతి నడుస్తోంది. ఐస్‌క్రీమ్ గదిలో ఇది కుదరదు. ఇక్కడైనా ఏప్రిల్‌లో, వేడి టిక్కీలు రోజూ దిగుతున్నప్పుడు, కంప్రెసర్ ఆపడానికి సందుండదు.

అందుకే పగలు ఐసు కట్టి, సాయంత్రం ఆ చలిని వాడుకునేలా యజమాని ఐసు తొట్టి కట్టించాలని చూస్తున్నారు. కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్ల వేడి లాగేస్తుంది (మిర్చి రకం నంబరే!). అంటే టన్ను ఐసులో సుమారు 93 యూనిట్ల చలి. కంప్రెసర్ యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల చలి ఇస్తుందనుకుంటే, 31 యూనిట్ల కరెంటు దాచినట్టే. ఐసు కట్టాలంటే అమ్మోనియాను సున్నాకు బాగా దిగువకు తీసుకెళ్లాలి, అక్కడ కరెంటు కాస్త ఎక్కువే తింటుంది. అయినా లిథియం బ్యాటరీలా నీళ్లు ఏటేటా బలం తగ్గవు. ఫ్యాన్లకూ, పంపులకూ, కంట్రోళ్లకూ మాత్రం బ్యాటరీయే మేలని నాకనిపించింది. కంప్రెసర్‌నే దానిమీద నడపాలంటే పెట్టుబడి తడిసి మోపెడవుతుంది.

టిక్కీకి ఇంతని అద్దె కట్టేది రైతు. ఆ అద్దెలో కరెంటు బిల్లూ ఉంటుంది. అందుకే సోలార్ పలకలకు దొరికే ఆదరణ ఈ తొట్లకూ దొరకాలి. మెషీన్ రూము వెనక, డీజిల్ జనరేటర్ పక్కన తొట్టికి స్థలం కొలిచి పెట్టారు. వచ్చే సీజన్ సరుకు దిగేలోపే కట్టేయాలని మేనేజరు తొందర.